ఫోన్ చేసే ముందు బాక్స్ మీద లైట్లు చూడండి

రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు మా ఫైబర్ కనెక్షన్ వాడుతున్న అందరికీ నమస్కారమండి.

నెట్ రావట్లేదని ఎవరు ఫోన్ చేసినా ఈ నెల నుంచి మావాళ్ళు ముందు ఒకటే అడుగుతున్నారు: "బాక్స్ మీద ఏయే లైట్లు వెలుగుతున్నాయండీ?" బాక్స్ అంటే మీ ఇంట్లో ఫైబర్ వైరు వచ్చి చేరే మోడెం. దాని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే ఇంకా మంచిది. మనిషిని పంపడం ఇష్టం లేక ఈ ప్రశ్నలు వేస్తున్నామని కొందరు కోప్పడ్డారు. అందుకే అసలు విషయం చెప్తున్నాను. లైన్ చూసే కుర్రాళ్ళు మా దగ్గర తక్కువ మంది. ప్లగ్గు ఊడిన ఇంటికి ఒక కుర్రాడు కాలువ దాటి వెళ్ళొచ్చేసరికి పూట గడిచిపోతుంది. నిజంగా కేబుల్ తెగిన ఇంట్లో, నెట్ మీదే ఉద్యోగం చేసుకునే మనిషి ఆ పూటంతా ఎదురుచూస్తూ కూర్చోవాలి. ఇది నాకు న్యాయంగా అనిపించలేదు.

ముందు ఎల్ఓఎస్ (LOS) అని రాసి ఉన్న లైటు చూడండి. లైన్ బాగున్నప్పుడు అది వెలగదు. ఎర్రగా కొట్టుకుంటోందంటే మా ఆఫీసు నుంచి రావాల్సిన కాంతి మీ బాక్స్‌కి అందట్లేదని అర్థం. అప్పుడు ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం ఉండదు. బాక్స్‌లోకి వెళ్ళే సన్న వైరు బల్ల కాలు కింద నలిగిందా, ఇల్లు ఊడ్చేటప్పుడు మడత పడిందా చూడండి. లోపల ఉన్నది గాజు పోగు. గట్టిగా వంగితే చాలు, విరక్కపోయినా కాంతి పక్కకి పోతుంది. వైరు సర్దగానే ఎర్రలైటు ఆరిపోతే సమస్య తీరినట్టే. వైరు ఊడి ఉంటే మాత్రం దాని చివర కంటికి ఎదురుగా పెట్టి చూడకండి. అందులో వచ్చే లేజర్ కాంతి కంటికి కనపడదు. పిల్లల్ని కూడా ముట్టుకోనివ్వకండి.

సర్దినా ఎర్రగానే ఉంటే బయట ఎక్కడో తెగినట్టే అనుకోవచ్చు. మన కోనసీమలో దానికి కారణాలు మీకు తెలియనివి కావు. కొబ్బరి దింపు రోజున గెల కేబుల్ మీద పడుతుంది, గాలికి ఎండు మట్ట రాలుతుంది, ఉడతలు కొరుకుతాయి. పక్కింటివాళ్ళ బాక్స్ ఎలా ఉందో కూడా ఒకసారి కనుక్కోండి. వాళ్ళకీ ఎర్రలైటే వెలుగుతుంటే తెగింది మీ ఇంటి వైరు కాదు, వీధికంతటికీ వచ్చే కేబుల్. ఆ ఒక్క మాట చెప్తే మావాళ్ళు మీ ఇంటికి రాకుండా తెగిన కేబుల్ అతికే జాయింట్ మెషీన్ పట్టుకుని నేరుగా స్తంభాల దగ్గరికి వెళ్తారు. ఎర్రలైటు ఫోటోలు వచ్చిన ఇళ్ళకే ముందు వెళ్తాం. ఇది మాట ఇచ్చి చెప్తున్నాను.

పాన్ (PON) అనే లైటు నిలకడగా పచ్చగా ఉంటే మీ ఇంటివరకు లైన్ బాగున్నట్టు. అది ఆగకుండా కొట్టుకుంటుంటే బాక్స్ మా మెషీన్‌తో కలవలేకపోతోందని అర్థం. చాలాసార్లు దానికి కారణం సిగ్నల్ బలహీనపడటమే. మీ బాక్స్ దగ్గర సిగ్నల్ ఎంత ఉందో చాలాసార్లు ఆఫీసు నుంచే చూడగలం. కాంతి బలాన్ని కొలిచే డీబీఎం లెక్కలో అది మైనస్ 20 దగ్గర ఉంటే బెంగ లేదు, మైనస్ 27 కంటే కిందికి దిగితే లైన్ నిలబడటం కష్టం.

పాన్ పచ్చగా ఉండి ఇంటర్నెట్ లైటు ఆరిపోయినా, ఎర్రగా ఉన్నా, మీ రీఛార్జ్ గడువు అయిపోయి ఉండొచ్చు. లేదా మాకు పైనుంచి నెట్ ఇచ్చేవాళ్ళ లైన్ పోయి ఉండొచ్చు. అలాంటప్పుడు బాగుచేయడం మా చేతుల్లో ఉండదు. "పది నిమిషాల్లో వచ్చేస్తుందండీ" అని మీకు అబద్ధం చెప్పం. ఉన్న సంగతి ఉన్నట్టు వాట్సాప్ గ్రూపులో పెడతాం.

దయచేసి బాక్స్‌కున్న సన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ మాత్రం చేయకండి. అందులో మేం పెట్టిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చెరిగిపోతాయి. అప్పటిదాకా చిన్న సమస్యే అయినా, ఇక మా మనిషి వచ్చేదాకా నెట్ రాకపోవచ్చు. స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయడం వేరు. అది నిరభ్యంతరంగా చేయండి.

లైట్లన్నీ సరిగ్గానే ఉండి వెనక గదిలో ఫోన్‌కి మాత్రం నెట్ నెమ్మదిగా వస్తుంటే అది వైఫై సంగతి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మందపాటి గోడలు అంతగా దాటదు. ఆ గదిలో ఫోన్‌ని 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చుకోండి.

అసలు ఏ లైటూ లేకపోతే ముందు ప్లగ్గు, అడాప్టర్ చూసుకోండి. కరెంటు లేనప్పుడు లైన్ బాగుందో లేదో బాక్స్ చెప్పలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది కదా, ఇలాంటి సమయాల్లో మాకు అసలు టెన్షన్ అదే. ఊరంతా చీకటైతే ఎవరి కేబుల్ తెగిందో, ఎవరిది బాగుందో తెలియదు. బాక్స్‌కి చిన్న యూపీఎస్ ఉన్న ఇళ్ళ నుంచి ఫోటోలు వస్తే ఎటు కదలాలో తెలుస్తుంది. వీలైనవాళ్ళు ఒకటి పెట్టుకోండి. మా దగ్గరే కొనాలని లేదు. మీ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ఉందో చూసి, దానికి సరిపోయేది ఏ షాపులోనైనా తీసుకోండి.