పాత 911 కొనేముందు ఆయిల్ ఫిల్టర్ కోసి చూడండి

సంపాదకుల వారికి,

సెకండ్‌హ్యాండ్ పోర్షా 911 అనగానే మీటరు రీడింగూ పెయింటూ చూసి బేరమాడేస్తున్నారు. ముందు అడగాల్సింది అది ఏ తరం బండి అని. 1997లో వచ్చిన 996 అనే తరంతో ఇంజిన్‌కు నీళ్ల కూలింగ్ వచ్చింది, వెంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్ (క్రాంక్ తిప్పుడును వాల్వులు నడిపే క్యామ్‌షాఫ్టులకు అందించే మధ్య షాఫ్టు) బేరింగ్ జబ్బూ వచ్చింది. లోపల గ్రీజు పెట్టి మూసేసిన ఆ సీల్డ్ బేరింగ్‌లో గ్రీజు కడుక్కుపోయి బాల్స్ అరుగుతాయి. షాఫ్ట్ ఊగితే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. 911లోనే వేగం ఎక్కువున్న టర్బో, జీటీ3 రకాలకు ఇంజిన్ వేరు కాబట్టి ఈ బెడద లేదు.

తర్వాతి తరం 997 తొలి విడత బండ్లలో చాలావాటికి పెద్ద బేరింగ్ వేశారు. గట్టిదే, కాకపోతే ఇంజిన్ మొత్తం విప్పితేగానీ మార్చలేం. ఆ బండ్లకు అసలు గండం సిలిండర్ గోడలపై గీతలు. టిక్ టిక్ చప్పుడు, ఒకపక్క సైలెన్సర్ గొట్టానికే మసి, ఆయిల్ తగ్గడం కనిపిస్తే సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి కిందినుంచి కెమెరా పెట్టాలి. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చూస్తే గీతలు దొరకకపోవచ్చు. ఆయిల్ ఫిల్టర్ కోసి చూసినప్పుడు కాగితంలోని లోహపు రజను అయస్కాంతానికి అంటితే బేరింగ్‌ను అనుమానించాలి, అంటని వెండి మెరుపైతే పిస్టన్‌నో సిలిండర్‌నో.

2009 మోడల్ నుంచి మామూలు 911లకు ఆ ఇంటర్మీడియట్ షాఫ్టే లేదు. బెజవాడ ఎండకు మాత్రం నీళ్ల కూలింగ్ ఉన్న ఏ తరమైనా ఒకటే: ముందు బంపర్ విప్పి, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరుక్కున్న ఆకులు మే రాకముందే తీయించాలి.

– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ