పథకం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

మీ బడిలో ప్రతి తరగతి గదికీ స్మార్ట్ బోర్డు వచ్చిందనీ, త్వరలో పిల్లలకు ట్యాబ్‌లు కూడా ఇవ్వబోతున్నారనీ, వాటితో ఏ పాఠం ఎలా చెప్పాలో పథకం రాసే బాధ్యత నీకు అప్పగించారనీ తెలిసి సంతోషించాను. చాలా ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పినవాడిగా నాకు తోచిన సంగతులు రాస్తున్నాను. ఏ పరికరాన్ని ఎన్ని గంటలు వాడాలన్న లెక్క కంటే ముందు, ఆ పరికరం ఎదుట కూర్చున్నంతసేపూ పిల్లవాడి బుర్రకు ఏం పని కల్పిస్తున్నామన్న ప్రశ్న నీ పథకంలో ఉండాలి.

చంద్రకళల పాఠమే తీసుకో. భూమి నీడ పడటం వల్ల చంద్రుడు తరిగిపోతాడని చాలామంది పిల్లలు అనుకుంటారు; పెద్దవాళ్లలోనూ ఆ అపోహ లేకపోలేదు. చంద్రుడు కక్ష్యలో తిరిగే యానిమేషన్‌ను మొదటినుంచి చివరిదాకా చూపించేస్తే తరగతి మొత్తం కళ్లప్పగించి చూస్తుంది, అర్థమైందా అంటే అయిందంటుంది, మర్నాడు బొమ్మ గీయమంటే మళ్లీ భూమి నీడనే గీస్తుంది. అదే యానిమేషన్‌ను సగంలో ఆపి, చంద్రుడు ఈ చోటికి వచ్చినప్పుడు మనకు ఎంత భాగం, ఏ వైపున వెలుగుతూ కనిపిస్తుందో నోటు పుస్తకంలో గీయమని, పక్కవాడి బొమ్మతో పోల్చి వాదించుకోమని, ఆ తరువాతే ముందుకు నడిపిస్తే, తాము అనుకున్నదానికీ తెర మీద కనిపించినదానికీ ఉన్న తేడాను వాళ్లే పట్టుకుంటారు. ఆపైన గది చీకటి చేసి, దీపం ఎదుట ఒక బంతిని చేయి చాచి పట్టుకుని నిలబడ్డ చోటే మెల్లగా తిరగమను. బంతిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుందనీ, మారేది మనం చూసే కోణమేననీ అప్పుడు తేలుతుంది. అంతరిక్షం నుంచి చూసే చూపును తెర ఇస్తుంది, నేల మీద నుంచి చూసే చూపును బంతి ఇస్తుంది, రెండూ కావాలి.

పలు దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ, పదిహేనేళ్ల పిల్లల చదువు తీరును తెలుసుకోవడానికి 2022లో జరిపిన పీసా అనే అంతర్జాతీయ సర్వేలో, తోటివారు డిజిటల్ పరికరాలు వాడుతుంటే కనీసం కొన్ని లెక్కల తరగతుల్లోనైనా తమ ధ్యాస చెదురుతోందని చెప్పిన విద్యార్థులు సభ్యదేశాల సగటున 59 శాతం ఉన్నారు. పక్కవాడి తెర కూడా పిల్లల ధ్యాసను లాగేస్తుందన్న ఈ విషయాన్ని మనం తరచూ మరిచిపోతాం. అందుచేత నువ్వు మాట్లాడేటప్పుడు, పిల్లలు చర్చించుకునేటప్పుడు ట్యాబ్‌లన్నీ మూసి ఉండాలన్న నియమాన్ని మొదటి రోజునుంచే పెట్టు.

ఇక భద్రత సంగతి. దీని గురించే నాకు ఎక్కువ దిగులు. కరోనా కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫార్సు చేసిన 160కి పైగా చదువుల యాప్‌లనూ, వెబ్‌సైట్‌లనూ హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ పరిశీలించి, వాటిలో దాదాపు 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించే రీతిలోనో, కలిగించే ప్రమాదమున్న రీతిలోనో వారి సమాచారంతో వ్యవహరించాయని 2022లో ప్రకటించింది. ఉచితమన్న మాట చూసి దేన్నీ తరగతిలోకి తేవద్దు. ఎక్కాలు నేర్పే యాప్ లొకేషన్, కాంటాక్టులు, మైక్రోఫోన్ అడుగుతోందంటే అవి దానికి ఎందుకో ఆలోచించు. సరైన కారణం కనిపించకపోతే ఆ యాప్‌ను పక్కన పెట్టేయ్. ఖాతాలు తెరవక తప్పనప్పుడు తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, బడి నియమాలు ఒప్పుకుంటే అసలు పేర్లకు బదులు మారుపేర్లు ఇవ్వు. తరగతి ఫోటోను గ్రూపులో పెట్టే ముందు ఒకసారి నిదానంగా చూడు: పిల్లల ముఖాలు, యూనిఫాం మీద బడి పేరు, వెనక గోడ మీద టైంటేబుల్, బల్ల మీద తెరిచి ఉన్న మార్కుల పట్టిక. ముక్కు మొహం తెలియనివాడికి ఒక పిల్ల ఏ వేళకు ఎక్కడ ఉంటుందో చెప్పడానికి ఆ ఒక్క ఫోటో చాలు. నీ ల్యాప్‌టాప్‌ను బోర్డుకు కలిపే ముందు నోటిఫికేషన్లు ఆపెయ్యి. ఎవరో ఒక తల్లి తన బిడ్డ గురించి నీకు రాసుకున్న మాట తరగతి మొత్తం చదవకూడదు.

చాట్‌జీపీటీ వంటి వాటి గురించి కూడా అడిగావు. తరగతి గదుల్లో వీటిని వాడటానికి కనీస వయసు 13 ఏళ్లుగా ఉండాలని యునెస్కో 2023లో సూచించింది. నువ్వు ప్రశ్నపత్రం తయారు చేసుకోవడానికి వాడుకుంటే తప్పు లేదు గానీ, అది ఇచ్చిన ప్రతి జవాబునూ సరిచూసుకోవాలి, ఎందుకంటే తప్పును కూడా అది ఒప్పంత ధీమాగానే చెబుతుంది. ఫలానా పిల్లవాడికి చదువు రావడం లేదనో, ఇంట్లో గొడవలున్నాయనో పేరుతో సహా దానికి ఎన్నడూ చెప్పకు. పిల్లలు రాసినది యంత్రం రాసిందేమోనని కనిపెట్టే సాధనాలను నమ్మి ఎవరినీ దోషిగా నిలబెట్టకు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ తన సొంత గుర్తింపు సాధనాన్ని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. అనుమానం వస్తే పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ వాక్యం ఎందుకు రాశావు, ఈ ఉదాహరణ నీకెలా తోచింది అని నెమ్మదిగా అడుగు. తాను రాసినదైతే తడబడుతూనైనా చెప్పగలుగుతాడు. రాయకపోతే, ఆ సంభాషణలోనే నేర్చుకోవడం మొదలవుతుంది.

ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది రాత్రి దాకా పెద్దవాళ్ల చేతిలోనే ఉండే పిల్లలు నీ తరగతిలో తప్పకుండా ఉంటారు. ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రతి ఇంటిపనికీ కాగితం మీద చేసే దారి కూడా ఉంచు.

చివరిగా ఒక మాట. ఆన్‌లైన్‌లో ఎవరో తనను వేధిస్తున్నారనో, బెదిరిస్తున్నారనో ఏ పిల్లో నీ దగ్గరకు వస్తే, అసలు ఫోను ఎందుకు ముట్టుకున్నావని ముందుగా అడగవద్దు. ఆ ప్రశ్న వింటే ఆ పిల్ల మరోసారి నోరు విప్పదు. చెప్పి మంచి పని చేశావని ముందు అను. వచ్చిన సందేశాలను చెరిపేయకుండా ఉంచమను, వాటిని ఎవరికీ ఫార్వర్డ్ చేయకు, ఆ రోజే ప్రధానోపాధ్యాయులకు తెలియజేసి, ఎవరికి ఫిర్యాదు చేయాలో వారితో కలిసి నిర్ణయించు. ఎవరి దగ్గరికి వెళ్లాలో పిల్లలందరికీ ముందే తెలిసేలా, ఆ బాధ్యత తీసుకునే టీచరు పేరు నీ పథకంలోనే రాయి.

ఆశీస్సులతో,
నాన్న