బడి వేళలో 'మేనల్లుళ్లు'

సంపాదకులు గారికి నమస్కారం.

2025 నవంబరు 21న కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) అమల్లోకి వచ్చాక కార్మికుల రక్షణపై పార్టీల వాగ్వాదం ఆగడం లేదు. బాలకార్మికుల మాట వస్తే శిక్షలు పెంచాలని ఒకరు, పేదల పొట్ట కొట్టవద్దని మరొకరు అంటారు. బాలకార్మిక చట్టం ఆ స్మృతుల్లో కలవలేదు, విడిగానే ఉంది. 2016 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది చిన్న శిక్షేమీ కాదు. పడాల్సిన వాళ్లమీద పడటం లేదన్నదే నా బాధ.

చెన్నై పెరంబూరులో మా ఇంటి దగ్గరి టిఫిన్ హోటల్లో ఒక అబ్బాయి ప్లేట్లు కడిగేవాడు. పన్నెండేళ్లు ఉంటాయేమో. సబ్బునీళ్లలో నాని వేళ్ల సందులు ఒరిసిపోయాయి. సాంబారు మిగిలిన గిన్నె పట్టుకుంటే మంటకు చేయి విదిలించేవాడు. "ఏ ఊరు నాన్నా?" అంటే ఆంధ్రలోని పుత్తూరు దగ్గర పల్లె అన్నాడు. "బడికి వెళ్లవా?" అనేసరికి గల్లాపెట్టె వైపు చూసి, "ఇది మా మామయ్య హోటలండీ" అన్నాడు. అప్పజెప్పిన పాఠంలా ఉంది. తర్వాత మరో రెండు హోటళ్లలో పిల్లల నోట అదే మాట విన్నాను.

చట్టం చదివితే ఆ 'మామయ్య' ఎక్కడి నుంచి వచ్చాడో తెలిసింది. కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయపడవచ్చని 2016లో మినహాయింపు ఇచ్చారు. ఆ కుటుంబంలో మేనమామ, మేనత్త, పిన్ని, చిన్నాన్న అందరూ ఉన్నారు. మనకు వరస కలపడం ఎంతసేపు? అయితే ఆ సాయం బడి అయిపోయాక, లేదా సెలవుల్లోనే చేయాలి. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అదీ కూడదు. అంటే సోమవారం పది గంటలకు ప్లేట్లు కడిగిస్తున్నవాడు సొంత మేనమామే అయినా నేరం నేరమే. తనిఖీకి వచ్చినవారు వరస తేల్చనక్కరలేదు, గడియారం చూస్తే చాలు.

పిల్లవాడు చెప్పకుండా వరుసగా 30 రోజులు బడి మానితే ప్రధానోపాధ్యాయులు నోడల్ అధికారికి, అంటే జిల్లాలో ఈ చట్టం అమలు చూసే అధికారికి, తెలియజేయాలి. కానీ ఇతడి పేరు పుత్తూరు వైపు బడి రిజిస్టరులో, మనిషి చెన్నైలో. ఆ సమాచారం సరిహద్దులోని నగరి దాటి ఇక్కడికి చేరే దారి రెండు రాష్ట్రాలూ కలిసి ఏర్పాటు చేయాలి.

పిల్లవాణ్ని పని మాన్పిస్తే ఆ ఇంట్లో పెద్దవారికి పని చూపాలని, యజమాని నుంచి ఒక్కో పిల్లవాడికి 20 వేలు వసూలు చేయాలని శివకాశి అగ్గిపెట్టెలు, బాణసంచా పరిశ్రమల బాలకార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. పేదల పొట్ట గురించి మాట్లాడేవారు ముందు ఆ తీర్పు అమలు కోసం పట్టుబట్టాలి. 2023లో పన్నెండు గంటల పని బిల్లును తమిళనాడు శాసనసభలో నెగ్గాక కూడా ఉపసంహరింపజేసిన కార్మిక సంఘాలకు ఆ పట్టు ఉంది.

కార్మిక శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. బడి ఉన్న రోజు, ఉదయం పది గంటలకు, హోటళ్ల వెనక వాకిలి నుంచి లోపలికి రండి.

— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై