అమెరికా కాలేజ్ అప్లికేషన్ కోసం సమ్మర్ ప్యాకేజీలు కొనాలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది టెక్సస్‌లో ఫ్రిస్కో. మార్చి వచ్చిందంటే ఇక్కడ మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ, పదకొండో క్లాసు పిల్లలకి సమ్మర్‌లో ఏం చేయిస్తే మంచి కాలేజ్ వస్తుంది అని. వేల డాలర్లు పోసి పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో రెండు వారాల క్యాంపు, డబ్బు కడితే పేరు వేసిచ్చే రీసెర్చ్ పేపర్, పిల్లాడి పేరు మీద ఒక నాన్ ప్రాఫిట్, ఇలా కొనుక్కుంటూ పోతున్నారు. హైదరాబాద్ నుంచి అప్లై చేసేవాళ్ళు కూడా ఇదే దారి పడుతున్నారని మీకు రాస్తున్నా.

దయచేసి ముందు ఆ అప్లికేషన్ ఫారం తెరిచి చూడండి. చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో యాక్టివిటీలు 10 వరకే, ఒక్కోదాని గురించి రాయడానికి 150 అక్షరాలు, అంతే. పక్కనే ఏయే క్లాసుల్లో చేశావు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతారు. క్యాంపుకి అక్కడ ఏం రాస్తాం, రెండు వారాలనేగా. అదే చిన్నప్పట్నుంచి కూచిపూడి నేర్చుకుని ఈ సమ్మర్‌లో రంగప్రవేశం చేసే అమ్మాయైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు క్లాసులకీ టిక్ పెట్టుకోవచ్చు, అలాంటి పిల్లని డాన్స్ అందరూ చేస్తారులే అని మాన్పించి మెడికల్ క్యాంపుకి పంపిన వాళ్ళని చూశాను, చాలా బాధేసింది. ఎంఐటీ వాళ్ళ సొంత అప్లికేషన్‌లో అయితే అడిగేది నాలుగే యాక్టివిటీలు, పైగా కేవలం ఇష్టం కొద్దీ చేసేది ఏంటో చెప్పమని విడిగా ఒక ప్రశ్న ఉంటుంది, దానికి కన్సల్టెంట్ జవాబివ్వలేడు కదా.

ఇంకో మాట. కామన్ యాప్ లిస్టులో జీతం వచ్చే ఉద్యోగానికి, ఇంటి బాధ్యతలకి కూడా కేటగిరీలు ఉన్నాయి. తమ్ముణ్ణి చూసుకోవడం, నానమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం, గ్రాసరీ స్టోర్‌లో కౌంటర్ దగ్గర నిలబడటం, ఇవన్నీ ధైర్యంగా రాయొచ్చు, మనవాళ్ళే నామోషీ అనుకుని రాయనివ్వరు. సమ్మర్‌లో ఇండియా వెళ్తే టైం వేస్ట్ అని కూడా అంటున్నారు. నెల రోజులు తాతయ్య దగ్గర కూర్చుని తెలుగు చదవడం నేర్చుకుని, ఆయన చేసిన వ్యవసాయం సంగతులు రికార్డ్ చేసుకున్న పిల్లాడికి ఎస్సేలో రాయడానికి సొంత విషయం ఉంటుంది. అదే ఊరి బళ్ళో రెండు రోజులు ఇంగ్లీష్ చెప్పి, ఫోటోలు దిగి, సేవ అని రాసుకోవడం మాత్రం వద్దండి, ఆ బడి పిల్లలకీ దానివల్ల ఒరిగేది లేదు.

ప్రోగ్రాములన్నీ దండగ అనట్లేదు. ఎంఐటీలో జరిగే ఆర్ఎస్ఐ (రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్), అంటే హైస్కూల్ పిల్లల సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రాం, 1984 నుంచి ఉంది, ప్రోగ్రాంకి ఫీజు లేదు, బస కూడా వాళ్ళే చూస్తారు, దారి ఖర్చులే మనవి. సీటు రావడం చాలా కష్టం, కానీ మనవాళ్ళలో చాలామందికి ఆ పేరే తెలీదు, తెలిసేసరికి గడువు దాటిపోతుంది, ఎందుకంటే దానికి అప్లికేషన్లు ముందు ఏడాది డిసెంబర్ కల్లా అయిపోతాయి. ఇలాంటి వాటిలో చాలావాటికి చలికాలంలోనే అప్లై చేయాలి. ఏప్రిల్‌లో వెతికితే దొరికేవి ఎక్కువగా డబ్బు కట్టేవే.

అందుకే మీకు నా విన్నపం, వేసవి సెలవుల పేజీ మే నెలలో వేస్తారు కదా, ఫీజు లేని ప్రోగ్రాముల పేర్లు, గడువు తేదీలు మాత్రం నవంబర్‌లోనే వేయండి.

ఇట్లు,
ఇద్దరు పిల్లల తల్లి, ఫ్రిస్కో