అమ్మలూ, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ కొట్లకి వెళ్ళేముందు

తణుకు,
18 ఆగస్టు 2024

చిరంజీవి అమ్మలుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం బాగా జరిగింది. నీ తోరం ఈ కవర్లోనే పెట్టాను, తలస్నానం చేసి కట్టుకో. ఈ నెల చీటీ నేనే పాడుకున్నాను. వచ్చినదాంట్లో 40 వేలు నీ కంప్యూటర్‌కని పక్కన పెట్టాను. మీ నాన్నగారు ల్యాప్‌టాప్ కొనేస్తే పోతుంది కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు. ల్యాప్‌టాప్‌లో ఒక భాగం పాడైతే చాలాసార్లు మొత్తం పక్కన పెట్టాల్సి వస్తుంది, పదిహేనేళ్ళుగా మా ల్యాబ్‌లో చూస్తూనే ఉన్నాను. డెస్క్‌టాప్‌లో పోయింది మార్చుకోవచ్చు, చాలనిది పెంచుకోవచ్చు. నువ్వు ఎమ్మెస్సీ అయ్యాక కూడా అది నీకు పనికొస్తుంది.

నువ్వు పంపిన కొటేషన్ ఫొటో రెండుసార్లు చదివాను. "ఐ5 ప్రాసెసర్" అని పైన పెద్దగా రాశారు, ఎన్నో తరానిదో రాయలేదు. కింద బోర్డు దగ్గర హెచ్61 అని కనిపించగానే సంగతి అర్థమైంది. అది 2011 నాటి చిప్‌సెట్. దానికి పట్టేది రెండో తరం, మూడో తరం ఐ5లే, ర్యామ్ కూడా డీడీఆర్3. బోర్డు కొత్తగా తయారైనదే కావచ్చు, ప్రాసెసర్ మాత్రం ఎక్కడో ఆఫీసులో పన్నెండేళ్ళు పనిచేసి వచ్చిందే. దానికి తోడు 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగుల లైట్లున్న గేమింగ్ కేబినెట్, అందులోనే ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉచితం. ఆ ఉచితం అన్న మాట గురించి నీకు తర్వాత వివరంగా రాస్తాను. ఆ కొటేషన్ చింపెయ్యి.

నువ్వు నడపబోయే ఆపరేటింగ్ సిస్టం లినక్స్. దానికోసం కొంటున్నప్పుడు చూడాల్సింది ఒక్కటే. కంప్యూటర్‌లో ఒక్కో భాగాన్ని నడిపే డ్రైవరు కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) లోపలే ఉందా, బయటినుంచి తెచ్చి అతికించాలా? లోపల ఉన్నది ఇంటి మనిషి లాంటిది. పండక్కి వేరే పిలుపు అక్కర్లేదు. బయటిదాన్ని ప్రతి పండక్కీ వెళ్ళి పిలవాలి, ఒక్కోసారి పిలిచినా రాదు. ధర, వేగం, కోర్లు అన్నీ దీని తర్వాతే.

ప్రాసెసర్ ఏఎండీ కంపెనీది, రైజన్ 5 5600జీ తీసుకో. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 65 వాట్లు. చివర ఉన్న "జీ" అంటే గ్రాఫిక్స్ లోపలే ఉందని. కొట్లో 5600, 5600ఎక్స్ చూపించి ఇవి ఇంకా వేగం అంటారు. నిజమే గానీ వాటిలో గ్రాఫిక్స్ లేదు, వేరే కార్డు కొంటే తప్ప తెర మీద బొమ్మ రాదు. 5600జీ దొరక్కపోతే ఇంటెల్ ఐ3-12100 తెచ్చుకో, నాలుగు కోర్లయినా నీ పనికి సరిపోతుంది. 12100ఎఫ్ మాత్రం వద్దు. ఇంటెల్‌లో ఎఫ్ అంటే గ్రాఫిక్స్ లేనిదని. ఐ3-12100 తీసుకుంటే బోర్డూ దానికి పట్టే ఎల్‌జీఏ1700 సాకెట్‌ది మారాలి, గుర్తుంచుకో. ఏఎండీ కొత్త గ్రాఫిక్స్ డ్రైవరు 2015 నుంచీ కెర్నెల్‌లోనే ఉంది. ఇంటెల్‌దీ అంతే. ఏది కొన్నా డ్రైవరు కోసం వెతుక్కునే పని ఉండదు.

5600జీ వచ్చి మూడేళ్ళయిందని చిన్నబుచ్చుకోకు. లినక్స్ విషయంలో మూడేళ్ళు పాతబడ్డ ప్రాసెసర్ పాత బియ్యం లాంటిది. కొత్త బియ్యం చూడ్డానికి బాగుంటాయి, వండితే ముద్దవుతాయి. పాతవాటితో అన్నం పొడిపొడిగా వస్తుంది. కొత్త చిప్ మార్కెట్లోకి వచ్చాక దాని డ్రైవర్లలో తప్పులు దొరికి, సరిదిద్ది, మింట్ లాంటి, మనం వాడే లినక్స్ పంపిణీలోకి చేరడానికి కొంత కాలం పడుతుంది. ఆ తిప్పలు ఇంకెవరో పడ్డాక మనం కొనుక్కుంటున్నాం. అసలు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టిందే 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉన్నప్పుడు కొనుక్కున్న ఒక 386 కంప్యూటర్ మీద. ఆ 386 ప్రాసెసర్లకు కెర్నెల్‌లో చోటు తీసేసింది 2012 డిసెంబరులో. ఇరవై ఏళ్ళు పైగా ఉంచారన్నమాట. మంచి చిప్ కొంటే దాన్ని అంత తొందరగా ఎవరూ వదిలెయ్యరు.

బోర్డు బీ450 చిప్‌సెట్‌ది చాలు. డబ్బా మీద రైజన్ 5000కి సిద్ధం అన్న స్టిక్కర్ ఉందో లేదో చూడు. పాత స్టాకు అయితే బయోస్ (స్విచ్ వెయ్యగానే బోర్డు మీద మొదట నడిచే ప్రోగ్రాం) పాతది ఉండి 5600జీని గుర్తుపట్టదు. లేకపోతే కొట్లోనే బయోస్ అప్‌డేట్ చేయించి తీసుకో. వెనకాల హెచ్‌డీఎంఐ ఉండాలి. ర్యామ్ స్లాట్లు రెండున్నవీ దొరుకుతాయి, నాలుగున్నదే తీసుకో. ఎందుకంటే నువ్వు స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ అనే సాఫ్ట్‌వేర్, మామూలుగా డేటా మొత్తాన్నీ ర్యామ్‌లోకి లాక్కుంటుంది. వచ్చే ఏడాది నీ ప్రాజెక్టు డేటా పెద్దదైతే మిగిలిన రెండు స్లాట్లు అక్కరకొస్తాయి. బీ550 అమ్మాలని చూస్తారు, దాని గొప్ప పీసీఐఈ 4 (పీసీఐఈ అంటే ప్రాసెసర్‌కీ కార్డులకీ మధ్య డేటా నడిచే దారి). 5600జీ ఇచ్చేది పీసీఐఈ 3 మాత్రమే. ఆ డబ్బు నీకు తిరిగి రాదు.

ర్యామ్ 16 జీబీ. ఒకటే 16 కాదు, రెండు 8లు, డీడీఆర్4 3200. రెండు కర్రలుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో చదువుకుంటుంది. గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే పంచుకుంటుంది కాబట్టి తేడా కళ్ళకు కనిపిస్తుంది. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్లో, నాలుగో స్లాట్లో పెట్టు. కొన్ని ర్యాములు తమ వేగానికి తాము రావు, బయోస్‌లో మెమరీ ప్రొఫైల్ ఆన్ చెయ్యాలి.

ఇప్పుడు ఎస్‌ఎంపీఎస్ సంగతి. నీకు గుర్తుండదు, అప్పటికి చిన్నపిల్లవి. మనింట్లో మొదటి కంప్యూటర్‌కి నేనూ ఇలాగే కేబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌నే ఉంచేశాను. బయట 450 వాట్లు అని స్టిక్కర్ ఉంది. పట్టుకుంటే బరువే లేదు. ఆ వేసవిలో మీ నాన్నమ్మ మనింట్లో రెండు నెలలు ఉన్నారు. మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని చిన్న మైకు పెట్టి ఆవిడ పాడే మంగళహారతులు, దంపుళ్ళ పాటలు రికార్డు చేశాను. నలభై పైన ఉంటాయి. మే నెలలో ఒకరోజు లోవోల్టేజీ, ఆ వెంటనే కరెంటు ఒక్కసారిగా ఎగిసింది. టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ తను పోతూ పోతూ హార్డ్‌డిస్కునూ తీసుకుపోయింది. ఇంకోచోట కాపీ పెట్టలేదు నేను. మరుసటి ఏడాదికి నాన్నమ్మ లేరు. ఆ పాటల్లో నాకు ఇప్పుడు నోటికి వచ్చేవి ఆరో ఏడో.

అందుకే చెబుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, 450 వాట్లది విడిగా కొను. నీ కంప్యూటర్ మొత్తం కలిపి 150 వాట్లు దాటడం కష్టమే. వాట్లు ఎక్కువ కావాలని కాదు. కరెంటు అడ్డదిడ్డంగా వచ్చినప్పుడు తను ఆగిపోయి మిగతావాటిని కాపాడేది కావాలి. చేత్తో పట్టుకుని బరువు చూడు. వారంటీ ఎన్నేళ్ళో అడుగు, మంచివాటికి మూడేళ్ళు, ఐదేళ్ళు ఇస్తారు. దానితోపాటు 600 వీఏ యూపీఎస్. మీ గదిలో మూడు పిన్నుల సాకెట్‌కి ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఇంటివాళ్ళని అడిగి ఎలక్ట్రీషియన్‌తో ఒకసారి చూపించు. ఈ మూడింటి దగ్గర డబ్బు మిగల్చకు. మిగల్చాలంటే కేబినెట్ దగ్గర మిగుల్చు. గాలి ఆడే జల్లెడ ముఖం, వెనకాల ఒక ఫ్యాను ఉంటే చాలు, లైట్లు వద్దు.

నువ్వు పాటలు పెట్టుకోవు, నీ థీసిస్ పెట్టుకుంటావు. ప్రతి ఆదివారం బయటి డిస్కులోకి ఒక కాపీ తియ్యి. నా పాత డిస్కు పంపుతున్నాను.

వైఫై గురించి. మా ల్యాబ్‌కి ఒకసారి పది యూఎస్‌బీ వైఫై ముక్కలు తెప్పించారు. లినక్స్‌లో ఒక్కటీ వెలగలేదు. లోపలి చిప్ ఏదో పట్టుకుని, దాని డ్రైవరు సోర్సు దించుకుని, కంపైల్ చేసి పది కంప్యూటర్లలోనూ ఎక్కించాను. నెల తిరక్కుండా కెర్నెల్ అప్‌డేట్ వచ్చింది, పదీ ఆగిపోయాయి. మళ్ళీ కంపైల్. ఏడాదిపాటు అదే నా పని. అదే ల్యాబ్‌లో ఇంటెల్ చిప్ ఉన్న కార్డులు మాత్రం పెట్టిన రోజు నుంచి ఈ రోజు దాకా నన్ను పిలవలేదు. నీకు ఎప్పుడైనా వైఫై కావాలంటే ఇంటెల్ ఏఎక్స్210 ఉన్న పీసీఐఈ కార్డు కొను. ఏఎక్స్211 కొనకు. పేరులో ఒక్క అంకె తేడా, కానీ అది కొన్ని ఇంటెల్ బోర్డుల్లో తప్ప పనిచెయ్యదు. ప్రస్తుతానికి అదీ వద్దు. 20 మీటర్ల కేట్6 నెట్ వైరుకి రెండు కొసలా నేనే క్రింప్ చేసి, టెస్టర్ పెట్టి చూసి పంపుతున్నాను. హాల్లో రౌటర్ నుంచి తలుపు చట్రం మీదుగా లాగుకో. మొదటిరోజు నెట్ రాకపోతే కంగారు పడకు. నీ ఫోన్‌ని యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చెయ్యి, లినక్స్ దాన్ని వెంటనే గుర్తుపడుతుంది.

ఎస్‌ఎస్‌డీ 500 జీబీ ఎన్‌వీఎంఈ. అదే ఎం.2 ఆకారంలో వేగం తక్కువైన సాటావి కూడా అమ్ముతారు, డబ్బా మీద ఎన్‌వీఎంఈ అని ఉందో లేదో చదువు. మానిటర్ 22 అంగుళాల ఐపీఎస్.

నేను వేసుకున్న లెక్క ఇది, వందా రెండొందలు అటూ ఇటూ. ప్రాసెసర్ 12,000, బోర్డు 6,000, ర్యాములు రెండూ 3,500, ఎస్‌ఎస్‌డీ 3,300, ఎస్‌ఎంపీఎస్ 3,200, కేబినెట్ 2,200. అక్కడికి 30,200. మానిటర్ 6,500, కీబోర్డూ మౌసూ 800, మిగిలిన 2,500 యూపీఎస్‌కి. గ్రాఫిక్స్ కార్డుకి ఏమీ లేదు, స్టాటిస్టిక్స్‌కి దాని అవసరమూ లేదు. రేపు డీప్ లెర్నింగ్ వైపు వెళ్తే అప్పుడు చూద్దాం, బోర్డులో చోటు ఉంటుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ నీకు దగ్గరే. మూడు కొట్లలో ఈ కాగితం చూపించి కొటేషన్ రాయించుకో, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో పక్కన పెట్టుకో. ప్రాసెసర్ సీలున్న డబ్బాదే తీసుకో. ట్రే ప్రాసెసర్ అని విడిగా ఇస్తారు, అందులో కూలర్ ఉండదు, కంపెనీ వారంటీ కూడా దొరకదు. జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ ఉండాలి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే నమస్కారం పెట్టి పక్క కొట్టుకి వెళ్ళు.

అసెంబ్లింగ్ తామే చేసిస్తామంటారు. వద్దను. నువ్వే చెయ్యి. పరీక్ష ముందురోజు రాత్రి అది ఆగిపోతే ఏ వైరు ఎక్కడికి వెళ్ళిందో నీకు తెలిసి ఉండాలి. టేబుల్ మీద బోర్డు డబ్బా పెట్టి దాని మీద బోర్డు పెట్టు. ఏఎండీ ప్రాసెసర్ అడుగున సూదుల్లాంటి పిన్నులుంటాయి, మూలన బంగారు త్రికోణం ఉంటుంది. బోర్డు మీది త్రికోణంతో కలిపి వదిలితే దానంతట అదే కూర్చుంటుంది. నొక్కకు. డబ్బాలో వచ్చే కూలర్ బిగించేముందు బోర్డు మీది ప్లాస్టిక్ బ్రాకెట్లు విప్పాలి. విప్పేటప్పుడు వెనకాల పలక జారిపోతుంది, ఒక చేత్తో పట్టుకో. పేస్టు కూలర్‌కి ముందే పూసి ఉంటుంది, వేలు తగలనీకు. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించు, దుప్పటి మూలలు లాగినట్టు. ప్రాసెసర్ దగ్గరి 8 పిన్నుల కరెంటు వైరు చాలామంది మర్చిపోతారు. ఫ్యాను తిరిగి తెర వెలగకపోతే ముందు దాన్ని చూడు, తర్వాత ర్యాములు తీసి మళ్ళీ టక్కుమనేదాకా నొక్కు. కొత్త బోర్డు మొదటిసారి ర్యామ్‌ని పరీక్షించుకోవడానికి ఒక్కోసారి నిమిషం పైన తీసుకుంటుంది, ఈలోపు స్విచ్ కట్టెయ్యకు.

పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ 22 ఎక్కించి కవర్లో పెట్టాను, పోయిన నెలే వచ్చింది. ముందు ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ మీదే నడిపించి శబ్దం, నెట్, మానిటర్ రిజల్యూషన్ సరిగా ఉన్నాయో చూడు. ఆ రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి పడుకో. పొద్దున్నకి ఒక్క తప్పు చూపించినా ర్యామ్ వెనక్కి ఇచ్చెయ్యి, వారం లోపల అయితే కొట్టువాళ్ళు మార్చి ఇస్తారు. అంతా బాగుంటేనే ఇన్‌స్టాల్ చెయ్యి. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేసుకుంటే పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. నాకు ఉత్తరం అందులో టైప్ చేసి పంపు.

స్క్రూడ్రైవర్ నాది పంపుతున్నాను, అయస్కాంతం కొసది. స్క్రూలు సాంబ్రాణి డబ్బా మూతలో వేసుకో. మొదటిసారి స్విచ్ నొక్కేముందు నాకు వీడియో కాల్ చెయ్యి. రాత్రి పదకొండయినా సరే, మెలకువగానే ఉంటాను.

ఉంటాను,
మీ అమ్మ