క్యూబుల మీద సంతకం గురించి

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసి, మీ వంతెన పనిలో కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే క్యూబుల్ని, అంటే ఆ చిన్న దిమ్మల్ని, మారుస్తున్నారని చెప్పి "నాన్నా, చెప్పనా, ఊరుకోనా?" అని అడిగితే, ఆలోచించకుండా "ఊరుకోమ్మా, మనకెందుకు" అనేశాను. పెట్టేశాక నిద్ర పట్టలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే నా నోట అదే మాట వస్తుందని ఇలా కాగితం తీశాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. 1996 నవంబరు తుఫాను కోనసీమని ఊడ్చేశాక, మరుసటి ఏడు ఒక ఊళ్ళో బడికి కొత్త శ్లాబు వేశారు. నేను అక్కడ రోజుకూలీ లెక్కన వర్క్ ఇన్‌స్పెక్టర్ని. 40 బస్తాల సిమెంటు పట్టాల్సిన శ్లాబు 28తో అయిపోయింది. ఇసుక కూడా సముద్రం వైపు నుంచి తెచ్చిన ఉప్పిసుక, నాలిక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. సాయంత్రం సిమెంటు రిజిస్టరు నా ముందు పెట్టి, 40 అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. నువ్వప్పుడు మీ అమ్మ కడుపులో ఉన్నావు. 'పిల్ల పుట్టబోతోంది, పని పోతే ఎలా' అని ఇన్నేళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇంకా పుట్టని నిన్ను అలా అడ్డం పెట్టుకున్నందుకు సిగ్గుగా ఉంది.

పదేళ్ళు తిరక్కుండానే శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. ఒక పెద్ద పెచ్చు బెంచీ మీద పడింది. ఆదివారం కాబట్టి సరిపోయింది. విని పనిగట్టుకుని వెళ్ళాను. ఊచని గోటితో గీకితే తుప్పు పొరలుగా రాలింది. పక్కనే నిలబడ్డ మాస్టారికి కూడా ఏమీ చెప్పకుండా బస్సెక్కేశాను.

ఇక నీ సంగతి. పియర్ క్యాపులకి, అంటే వంతెన స్తంభాల తలలకి, పోసిన కాంక్రీటు ఒకటి, క్యూబుల కోసం యార్డులో సిమెంటు ఎక్కువేసి విడిగా కలిపింది ఇంకొకటి అన్నావు. 28 రోజులకి నలిపి చూసే ఆ క్యూబులు ఎటూ పాసవుతాయి, రిపోర్టు కింద నువ్వు సంతకం చెయ్యాలి. చెయ్యకు. ఇది ఒక్కటీ ఆలోచించాల్సిన పనే లేదు. నీ కళ్ళ ముందు పోయని క్యూబుకి నువ్వు సాక్షివి కావు.

నోరు ఎప్పుడు విప్పాలన్నది వేరే లెక్క. క్యూబు మార్చగలరు గానీ పియర్‌లోని కాంక్రీటుని మార్చలేరు. కోర్ తీయిస్తే, అంటే గట్టిపడ్డ కాంక్రీటుని తొలిచి ముక్క తీసి పరీక్షిస్తే, ఎప్పుడైనా బయటపడుతుంది. కోర్ల సగటు బలం, ఉండాల్సిన క్యూబు బలంలో 85 శాతానికి తగ్గకూడదని, ఏ ఒక్కటీ 75కి దిగకూడదని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456లో ఉందిగా, నాకన్నా నీకే బాగా తెలుసు. కాబట్టి ఈ రాత్రికి రాత్రే కేకలు వెయ్యక్కర్లేదు. స్తంభాల మీదకి గడ్డర్లు, ఆ పెద్ద దూలాలు, ఎక్కించేదాకా నీకు టైముంది. అవి ఎక్కిస్తారని తెలిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు, నా ఆరోగ్యం, నీ పెళ్ళి సంబంధం ఏదీ అడ్డం రానివ్వకు.

ముందు మీ పైవాళ్ళకి నాలుగు లైన్లు రాయి. ఫలానా క్యూబులు పోసేటప్పుడు నేను లేను, కోర్ టెస్టు చేయించండి, అంతే. దొంగలు అనే మాట వద్దు. కాపీ ఇంటికి పంపు. డీజిల్ బిల్లుల్లో, లారీ ట్రిప్పుల్లో కూడా ఏదో నడుస్తోందన్నావు, అది వదిలెయ్. అది నువ్వు విన్నది. చూసినదాంట్లో విన్నది కలిపితే, విన్నదాన్ని పట్టుకుని మొత్తం కొట్టిపారేస్తారు. ల్యాబ్‌లో సాయం చేసే కుర్రాడి పేరు ఎక్కడా రానివ్వకు. నీకు డిగ్రీ ఉంది, ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. వాడికి రేపటి కూలీయే ఉంది.

సత్యేంద్ర దూబే గురించి విన్నావో లేదో. ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ చదివి, జాతీయ రహదారుల సంస్థలో చేరాడు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాల గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాస్తూ, తన పేరు బయటపెట్టొద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరు 27న గయలో కాల్చి చంపారు. ఆ రోజు అతని ముప్పయ్యో పుట్టినరోజు. దోపిడీ దొంగల పనేనని సీబీఐ తేల్చింది గానీ చాలామంది నమ్మలేదు. ఆ తర్వాతే, 2004లో, పేరు గోప్యంగా ఉంచి కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు వచ్చింది. ఆకాశరామన్న ఉత్తరాలు అక్కడ చెల్లవు. పేరు రాసి కవరు అంటించి పంపాలి, దాన్ని వాళ్ళు దాచాలి. పైవాళ్ళు పలక్కపోతే అదొక దారి. అప్పుడు కలిసి రాద్దాం, ఒక్కదానివే పంపకు.

ఇది చదివితే భయం వేస్తుంది. నాకూ భయంగానే ఉంది, నిన్న ఊరుకోమన్నది అందుకే.

ఈ ఉత్తరం చేరేలోపే సంతకం పెట్టేసి ఉంటే, అదీ చెప్పు. తిట్టే అర్హత నాకు లేదు. పెట్టిన సంతకాన్ని ఇంకో కాగితంతో వెనక్కి తీసుకోవచ్చు, నేను తీసుకోలేదు గానీ.

సిమెంటు రిజిస్టరు సంగతి మీ అమ్మకి తెలీదు. ఆదివారం నువ్వొచ్చేలోపు నేనే చెప్తాను, నువ్వు బయటపడకు.

నాన్న