పొగ ఎటు పోతుందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పోయిన ఆదివారం మీ ఇల్లు పేజీలో ఫైర్‌ప్లేస్ ఫోటో వేశారు, గోడకి రాయి అంటించి మధ్యలో కట్టెలు మండుతున్నట్టు, చూడ్డానికి బానే ఉంది గానీ పక్కన టైల్స్ గురించీ లైటింగ్ గురించీ రాశారు తప్ప పొగ ఎటు పోతుందో ఒక్క ముక్క లేదు, అందుకే రాస్తున్నా.

మన గుంటూర్లో సంక్రాంతి చలికి దుప్పటి చాలు, ఇక్కడ ఇంట్లో ఫైర్‌ప్లేస్ కట్టుకోవడం శుద్ధ దండగ అని నా ఉద్దేశం. కానీ మనవాళ్ళు చలి దేశాల్లో ఇళ్ళు కొంటున్నారు, డిసెంబర్ వస్తే ఇక్కణ్ణుంచీ బెజవాడ నుంచీ లంబసింగి, అరకు వెళ్ళి రూముల్లో దిగుతున్నారు, వాళ్ళకి తెలియాలి కదా.

మా తమ్ముడు ఆర్మీలో రిటైరై ఊటీ దగ్గర కూనూర్లో ఇల్లు కట్టుకున్నాడు. మేస్త్రీ ఏదో వీడియో చూసి నాలుగడుగుల వెడల్పు నోరు పెట్టాడు, పొగగొట్టం మాత్రం పిట్టగోడ ఎత్తుకే ఆపేశాడు. గృహప్రవేశం రాత్రి వెలిగిస్తే పావుగంటకల్లా హాలంతా పొగ, పిల్లలకి కళ్ళమ్మట నీళ్ళు, కొత్త సున్నం వేసిన గోడ మీద కాటుక పట్టినట్టు ఇంత మరక. ముందు కూర్చున్నవాళ్ళకి మోకాళ్ళు కాలుతున్నాయి, వీపు మాత్రం వణుకుతోంది. తర్వాత తెలిసిందేంటంటే అలా నోరు తెరిచి ఉండే దాంట్లో నూటికి పది వంతుల వేడి గదికి దక్కితే గొప్ప, మిగతాది గొట్టంలోంచి పోవడమే కాకుండా గదిలో ఉన్న వెచ్చటి గాలిని కూడా లాక్కుపోతుంది, ఆ చోటులోకి తలుపు సందుల్లోంచి చలిగాలి దూరుతుంది.

చివరికి ఆ నోట్లోనే అద్దం తలుపున్న ఇనప పొయ్యి పెట్టించి, గొట్టం లోపల పైదాకా స్టీలు పైపు వేయించాడు. ఇలాంటి మంచి పొయ్యిలో 70 వంతుల వరకూ వేడి ఇంటికే వస్తుంది. పైకప్పు దాటి గొట్టం కనీసం 3 అడుగులు ఉండాలి, 10 అడుగుల లోపల వాటర్ ట్యాంకు ఉన్నా పిట్టగోడ ఉన్నా దానికన్నా ఇంకో 2 అడుగులు ఎత్తుండాలి. ఇంకో మాట, పెద్దది కొంటే మంచిదని గదికి మించిన పొయ్యి కొనొద్దు. వేడెక్కువై పొయ్యిలోకి గాలి వెళ్ళే దారి బిగించేస్తాం, కట్టె మండకుండా రగులుతుంది, ఆ పొగ పైపు లోపల తారులా పేరుకుంటుంది, అది అంటుకుంటే గొట్టంలోనే మంట. అందుకే ఏడాదికోసారి దులిపించాల్సిందే.

కట్టె సంగతి మనకి కొత్తేం కాదు. అప్పుడే కొట్టిన పచ్చి కట్టెలో దాదాపు సగం బరువు నీళ్ళే, దాన్ని ఆరబెట్టడానికే బోలెడు వేడి పోతుంది. చీల్చి, గాలాడేలా పేర్చి, కనీసం ఆర్నెల్లు, కుదిరితే ఏడాది ఆరనిచ్చాక వాడాలి, తేమ 20 శాతం దాటకూడదు. రెండు ముక్కలు కొడితే ఠంగుమనాలి, చివర్లు నెర్రెలిచ్చి ఉండాలి, మా అమ్మ కట్టెల అడితిలో అలాగే చూసి కొనేది.

అసలు భయం కార్బన్ మోనాక్సైడ్, కట్టె గానీ బొగ్గు గానీ సరిగ్గా మండనప్పుడు వచ్చే విషవాయువు. దానికి రంగు లేదు వాసన లేదు. నా మొదటి పురుడప్పుడు మా ఇంట్లో బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి చలిగాలి తగులుతుందని కిటికీలు బిగించేశారు. తెల్లారుజామున తల పగిలిపోతోంది, వాంతులు, లేచి నిలబడలేకపోయా, పైత్యం అనుకున్నారు. మా నాయనమ్మ వచ్చి తలుపులన్నీ బార్లా తీసి కుంపటి బయట పడేయించాక కుదుటపడ్డా. ఇప్పుడు తల్చుకున్నా పక్కలో ఉన్న బిడ్డే గుర్తొస్తాడు. పొగ రాకుండా ఎర్రగా ఉన్న బొగ్గు కూడా ఆ విషవాయువు వదులుతుంది, ఈ సంగతి చాలామందికి తెలీదు. కుంపటికి గొట్టం ఉండదు, కాబట్టి మూసిన గదిలో అసలు పెట్టకూడదు. గొట్టం ఉన్న పొయ్యికైనా బయటగాలి వచ్చే దారుండాలి, కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి మోగే అలారం కూడా పెట్టుకోవాలి.

మీరు ఫోటోలు వేయండి, కాదన్ను, వాటి పక్కనే ఇవన్నీ కూడా వేయండి. డిసెంబర్ లోపే వేస్తే మంచిది, కొండలకి వెళ్ళే జనం అప్పుడే ఎక్కువ. మా చెల్లి కూతురు వచ్చే నెల పురిటికి వస్తోంది, ఆ గది కిటికీ బిగుసుకుపోయి ఉంటే నిన్ననే వడ్రంగిని పిలిచి తీయించా.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు